కిట్ ఊరికే, సంతకానికే ఖర్చు: విండోస్ డ్రైవర్ కిట్ మీద ఒక వాడకందారు మాట

విండోస్‌కి డ్రైవర్లు రాసే పనిముట్ల కట్ట విండోస్ డ్రైవర్ కిట్‌ని, అంటే మేమంతా డబ్ల్యూడీకే అని పిలిచేదాన్ని, మైక్రోసాఫ్ట్ ఊరికే ఇస్తుంది. పనిముట్టుగా దానికి ఐదుకి నాలుగున్నర మార్కులు వేస్తాను. అదే, దాంతో రాసిన డ్రైవర్ కస్టమర్ కంప్యూటర్‌లో ఎక్కేదాకా నడిచే తతంగాన్ని కూడా కలిపి చూడమంటే రెండుకి మించి వెయ్యను. మిగతా రెండున్నర ఎక్కడ పోయాయో వివరంగా చెబుతాను.

మాది హైదరాబాద్ కుషాయిగూడలో చిన్న యూనిట్. ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్ పుణ్యమా అని ఆ చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాళ్లకి కొదవలేదు. మోటార్లు, పంపుల వైబ్రేషన్ కొలిచే కార్డులు చేస్తాం, కంప్యూటర్లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో కూర్చునే రకం. బోర్డు గీసేవాళ్లు వేరే, సోల్డరింగ్ వాళ్లు వేరే, డ్రైవర్ రాసేది మాత్రం నేనే. ఆ కార్డు స్లాట్‌లో పెట్టినంత మాత్రాన విండోస్ దాన్ని పలకరించదు. దానితో ఎలా మాట్లాడాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి నేర్పే ప్రోగ్రామే డ్రైవర్. అది నడిచేది కెర్నెల్ లోపల, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. మామూలు ప్రోగ్రామ్ తప్పటడుగు వేస్తే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్ వేస్తే సిస్టమ్ మొత్తం బ్లూ స్క్రీన్.

ఇప్పటి కుర్రాళ్లకి కిట్ కావాలంటే డౌన్‌లోడ్ బటన్ నొక్కడమే. విండోస్ ఎన్‌టీ 4 రోజుల్లో అప్పటి డ్రైవర్ కిట్ డీడీకే కావాలంటే ఎంఎస్‌డీఎన్ అనే మైక్రోసాఫ్ట్ డెవలపర్ చందా కట్టాలి, ఆ చందాతో సీడీలు వచ్చేవి. కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలర్ అందులో ఉండదు, విజువల్ సీ ప్లస్ ప్లస్ విడిగా కొనుక్కోవాలి. ఎక్స్‌పీ డీడీకేలో కంపైలర్ కూడా పెట్టారు గానీ సీడీ తెప్పించుకోవాల్సి వచ్చేది, పంపే ఖర్చు మనదే. నడుస్తున్న కోడ్‌లో తప్పు వెతికే డీబగ్గర్ అంటే అందరి నోటా సాఫ్ట్‌ఐస్ పేరే. అది వేరే కంపెనీ సరుకు, 2006లో దాన్ని ఆపేశారు. ఇక సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో ఏ సీడీ ఏ రేటుకి దొరికేదో ఇక్కడ రాయడం బాగుండదు, తెలిసినవాళ్లకి తెలుసు.

అయితే ఆ రోజుల్లో కిట్ ఎలాగోలా సంపాదించి డ్రైవర్ రాస్తే అది నడిచేది. ఎక్స్‌పీ ఒక హెచ్చరిక చూపించేది, దీనికి విండోస్ లోగో పరీక్ష జరగలేదు అని. పరవాలేదు, కానివ్వు అని నొక్కితే అయిపోయేది. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. కిట్‌కి పైసా అడగరు, రాసినదాన్ని నడపడానికే అనుమతి కావాలి.

కిట్‌ల వరసలో నాకు బాగా నచ్చింది 2010లో వచ్చిన 7.1.0. ఐఎస్ఓ ఫైలు, అంటే డిస్క్ నకలు, సుమారు 620 ఎంబీ. కంపైలరూ లైబ్రరీలూ హెడర్లూ అన్నీ అందులోనే. ఎక్స్‌పీ నుంచి విండోస్ 7 దాకా దేనికి కావాలంటే దానికి బిల్డ్ విండో తెరుచుకుని ఒక్క కమాండ్ కొడితే చాలు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పెద్ద ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్ విజువల్ స్టూడియో అవసరమే లేదు. 2012లో వచ్చిన తర్వాతి కిట్‌ని విజువల్ స్టూడియోకి కట్టేశారు, ఎక్స్‌పీకి రాయడం ఆ కిట్‌తో కుదరదు. ఉచిత ఎక్స్‌ప్రెస్ ఎడిషన్‌తో పని జరగదు కాబట్టి చిన్నవాళ్లకి అది గట్టి దెబ్బే. 2014 చివర ఉచిత కమ్యూనిటీ ఎడిషన్ వచ్చాక ఊపిరి తీసుకున్నాం. దాని లైసెన్స్‌లో చాలామంది చదవని వాక్యం ఒకటుంది: విండోస్ డ్రైవర్లు రాయడానికైతే ఒక సంస్థలో ఎంతమందైనా కమ్యూనిటీ ఎడిషన్‌ని వాడుకోవచ్చు. పెద్ద కంపెనీలో పని చేస్తూ లైసెన్స్ బడ్జెట్ కోసం మేనేజర్ చుట్టూ తిరుగుతున్నవాళ్లు ముందు ఆ వాక్యం చదువుకోండి.

ఇప్పటి కిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక చిక్కుంది. మామూలు విండోస్ ప్రోగ్రాములు రాసే కిట్ ఎస్‌డీకే బిల్డ్ నంబరూ డబ్ల్యూడీకే బిల్డ్ నంబరూ కలవాలి. విజువల్ స్టూడియోలో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం నుంచి కాపాడే లైబ్రరీలు విడిగా టిక్ పెట్టి దించుకోవాలి, లేకపోతే ఖాళీ ప్రాజెక్టు కూడా బిల్డ్ కాదు. ఈ గొడవ వద్దనుకుంటే ఎంటర్‌ప్రైజ్ డబ్ల్యూడీకే అని ఒక ఐఎస్ఓ ఇస్తారు. భారీ ఫైలే, కానీ మౌంట్ చేసి కమాండ్ లైన్ నుంచి బిల్డ్ చేసుకోవచ్చు. బిల్డ్ సర్వర్‌కి అదే హాయి.

అసలు విలువంతా డీబగ్గర్‌లో ఉంది. సాఫ్ట్‌ఐస్ పోయిందని బాధపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి, ఈ రోజు ఆ బాధ లేదు. విండోస్ 8 నుంచి మామూలు నెట్‌వర్క్ కేబుల్ మీదుగానే కెర్నెల్ డీబగ్గింగ్ చేయొచ్చు. అంతకుముందు సీరియల్ పోర్టుకి నల్ మోడెమ్ కేబుల్ పెట్టుకుని, ఒక డంప్ (క్రాష్ నాటి మెమరీ నకలు) రావడానికి టీ తాగి రావాల్సి వచ్చేది. మైక్రోసాఫ్ట్ సింబల్ సర్వర్ అందరికీ తెరిచే ఉంటుంది, అడ్రస్ ఇస్తే కెర్నెల్ ఫంక్షన్ల పేర్లతో సహా, ఏది దేన్ని పిలిచిందో చూపే స్టాక్ మొత్తం కనిపిస్తుంది. డ్రైవర్‌ని నడుస్తుండగా పరీక్షించే డ్రైవర్ వెరిఫయర్ అయితే కర్కోటకుడు. మెమరీ హద్దు ఒక్క బైటు దాటినా అక్కడికక్కడే పట్టుకుంటుంది, మెమరీ అయిపోయినట్టు నటించి మన కోడ్ ఏం చేస్తుందో చూస్తుంది. దాన్ని ఆన్ చేసి రాత్రంతా నడపకుండా ఏ డ్రైవర్‌నీ కస్టమర్‌కి పంపను. కోడ్ నడపకుండానే తప్పులు వెతికే స్టాటిక్ డ్రైవర్ వెరిఫయర్ పుట్టింది మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి చేసిన స్లామ్ ప్రాజెక్టులో. రాజమణి తర్వాత బెంగళూరు ల్యాబ్‌కి వచ్చారు. ఇప్పుడు దాని బదులు కోడ్‌క్యూఎల్ అనే పనిముట్టు వాడమంటున్నారు. శాంపిల్ కోడ్ గిట్‌హబ్‌లో ఉంది. డ్రైవర్ ఫ్రేమ్‌వర్క్ సోర్సుని కూడా 2015లో ఎంఐటీ లైసెన్స్ కింద బయట పెట్టారు. ఏదైనా కాల్‌బ్యాక్ ఎందుకు రావట్లేదో తెలియక తల పట్టుకున్నప్పుడు లోపలికి దూరి చదువుకోవచ్చు. ఎన్‌టీ 4 రోజుల్లో ఈ మాట చెబితే నవ్వేవాళ్లు.

ఇంతవరకూ నాలుగున్నర. ఇక సంతకం సంగతి. అంటే డ్రైవర్ ఎవరిదో, మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేదని చెప్పే డిజిటల్ ముద్ర.

64 బిట్ విస్టాతోనే కెర్నెల్ డ్రైవర్‌కి సంతకం తప్పనిసరి చేశారు. అయినా అప్పట్లో ఒక సర్టిఫికెట్ కొనుక్కుంటే మన సంతకం మనమే పెట్టుకునేవాళ్లం. 2016 ఆగస్టులో విండోస్ 10 వెర్షన్ 1607 వచ్చాక, సెక్యూర్ బూట్ (మెషీన్ మొదలయ్యేటప్పుడు సంతకాలు చూసే కాపలా) ఆన్‌లో ఉన్న కొత్త మెషీన్‌లో కొత్త డ్రైవర్ ఎక్కాలంటే దాని మీద మైక్రోసాఫ్ట్ సంతకమే ఉండాలి. ఆ సంతకం కోసం వాళ్ల హార్డ్‌వేర్ పోర్టల్‌లో ఖాతా కావాలి. ఖాతా ఉచితమే. ఖాతా తెరవడానికి ఈవీ సర్టిఫికెట్, అంటే సంస్థని గట్టిగా తనిఖీ చేసి ఇచ్చే సంతకం సర్టిఫికెట్, కావాలి. అది ఉచితం కాదు, ఏడాదికి కొన్ని వందల డాలర్లు. పైగా రిజిస్టర్ అయిన వ్యాపార సంస్థకే ఇస్తారు, మనిషికి ఇవ్వరు. ఇంట్లో కూర్చుని అద్భుతమైన డ్రైవర్ రాసిన ఇంజినీరింగ్ కుర్రాడికి కిట్ ఉంది, డీబగ్గర్ ఉంది, సోర్సు ఉంది, దారి లేదు.

సర్టిఫికెట్ అమ్మిన కంపెనీ పేరు రాయను. డబ్బు కట్టించుకున్నాక మొదలైంది పరీక్ష. కంపెనీ రిజిస్ట్రేషన్ పంపాం, జీఎస్టీ కాగితం పంపాం. అవి సరే, మీ ఫోన్ నంబర్ ఏదైనా పబ్లిక్ డైరెక్టరీలో ఉండాలి, దానికి మేమే ఫోన్ చేసి ధ్రువీకరించుకుంటాం అన్నారు. మాకు డైరెక్టరీ ఎక్కడిది? ల్యాండ్‌లైన్ తీసేసి ఏళ్లయింది. మ్యాపులో మా పేరు కొడితే వచ్చే ఫోటో మా గేటు పక్కన టీ కొట్టుది. చివరికి ఒక వ్యాపార డైరెక్టరీలో పేరు చేర్పించి, అది కనిపించేదాకా ఆగి, వాళ్లు ఫోన్ చేస్తే అర్ధరాత్రి లేచి మాట్లాడింది మా అకౌంటెంట్. పొద్దున వచ్చి, "ఏందన్నా ఇది, బ్యాంకోళ్లు లోన్ ఇచ్చేటప్పుడు కూడా ఇన్ని అడగలేదు" అన్నాడు. తర్వాత కొరియర్లో యూఎస్‌బీ టోకెన్ వచ్చింది. సంతకం పెట్టే రహస్య కీ అందులోంచి బయటికి రాదు. మంచిదే, దొంగల భయం లేదు. కానీ టోకెన్ నా బ్యాగులో ఉండగా నేను సైట్‌కి వెళితే ఇక్కడ ఎవరూ బిల్డ్ బయటికి పంపలేరు.

ఇంత జరిగాక పోర్టల్ పని చాలా సులువు. డ్రైవర్‌నీ, ఇన్‌స్టాల్ వివరాలుండే ఐఎన్ఎఫ్ ఫైలునీ క్యాబ్ అనే ఒకే ఫైలులో కట్టి, మన టోకెన్‌తో సంతకం చేసి ఎక్కిస్తే, వాళ్ల సంతకంతో తిరిగొస్తుంది. అటెస్టేషన్ అంటారు దీన్ని. పెద్ద పరీక్షలేవీ ఉండవు. విండోస్ అప్‌డేట్ ద్వారా జనానికి చేరాలన్నా, విండోస్ సర్వర్ కొత్త వెర్షన్లలో నడవాలన్నా హెచ్ఎల్‌కే అనే మైక్రోసాఫ్ట్ టెస్ట్ కిట్‌తో పరీక్షలు చేయించాలి, దానికి విడిగా సర్వర్ మెషీనూ ఓపికా ఉండాలి.

సంతకం లేకుండా నడపొచ్చుగా అంటారేమో. నడపొచ్చు, టెస్ట్ మోడ్ ఉంది. సెక్యూర్ బూట్ ఆపాలి, డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ వెతుక్కోవాలి, అప్పుడు తెర కుడి మూలన టెస్ట్ మోడ్ అని అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. సర్టిఫికెట్ రాకముందు విశాఖలో ఒక ప్లాంటుకి అలా ఇచ్చాం. వాళ్ల మెయింటెనెన్స్ ఇంజినీర్ ఫోన్ చేసి, "సార్, మేం ఫుల్ పేమెంట్ చేశాం కదండీ, మరి మూలన టెస్ట్ అని వస్తోందేంటి, డెమో పంపారా?" అని అడిగారు. ఏం చెప్పాలి ఆయనకి? ఇక పెద్ద కంపెనీల ఐటీ విభాగమైతే సెక్యూర్ బూట్ ఆపమంటే మనల్ని గేటు బయట నిలబెడుతుంది. తప్పు వాళ్లదీ కాదు.

మైక్రోసాఫ్ట్ వాదనలో బలం లేదని నేననను. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ డ్రైవర్ల మీద ఉన్నవి రియల్‌టెక్, జేమైక్రాన్ కంపెనీల నుంచి కాజేసిన సర్టిఫికెట్ల సంతకాలు. కెర్నెల్‌లోకి ఎవరు పడితే వాళ్లు దూరకూడదన్న మాట నిజమే. కానీ కాపలా ఉన్నంత మాత్రాన దొంగలు ఆగారా? 2021లో నెట్‌ఫిల్టర్ అనే రూట్‌కిట్ (సిస్టమ్‌లో దాక్కునే దొంగ ప్రోగ్రామ్) డ్రైవర్ సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్ సంతకంతోనే బయటికొచ్చింది. 2022 డిసెంబర్‌లో, పోర్టల్ ద్వారా దొంగ డ్రైవర్లకి సంతకం చేయించుకున్న ఖాతాలను వాళ్లే మూసేశారు. 2024 జూలై 19న సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ డ్రైవర్ వల్ల 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయి. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫోటో మీరూ చూసే ఉంటారు. ఆ డ్రైవర్‌కి సంతకమూ ఉంది, పరీక్షలూ పాసయింది. కూల్చింది దాని వెంట వచ్చిన డేటా ఫైలు, దానికి ఏ సంతకం తతంగమూ లేదు. అంటే ఈ గేటు దగ్గర గట్టిగా ఆగిపోయేది ఎవరయ్యా అంటే కంపెనీ కాగితాలు లేని చిన్నవాడే.

గుత్తాధిపత్యం మాట ఇక్కడే వస్తుంది. 1998లో అమెరికా ప్రభుత్వం మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది, 1999 నవంబర్‌లో జడ్జి జాక్సన్ ఆ కంపెనీకి పీసీ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో గుత్తాధిపత్యం ఉందని తేల్చారు. 2004లో యూరోపియన్ కమిషన్ 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోటోకాల్ వివరాలు పోటీదారులకి ఇవ్వమంది. పై కోర్టులో 2007లో మైక్రోసాఫ్ట్ ఓడాక, విండోస్ సర్వర్లతో మాట్లాడే ఉచిత సాఫ్ట్‌వేర్ రాసే సాంబా బృందం 10,000 యూరోలు ఒక్కసారి కట్టి ఆ పత్రాలు తెచ్చుకుంది. ఆ తగువంతా దాచిన సమాచారం గురించి. ఇప్పుడు దాచిందేమీ పెద్దగా లేదు, డాక్యుమెంటేషన్ గురించి నాకు ఫిర్యాదే లేదు. అధికారం సమాచారంలోంచి సంతకంలోకి మారింది. క్రౌడ్‌స్ట్రైక్ గొడవప్పుడు మైక్రోసాఫ్ట్ 2009లో యూరప్‌కి ఇచ్చిన హామీని చూపించి, అందుకే బయటి కంపెనీలను కెర్నెల్ నుంచి పంపలేకపోతున్నామంది. ఆ హామీ సారాంశం తమ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి ఉన్న దారి పక్కవాళ్లకీ ఇవ్వాలనే. తమ యాంటీవైరస్ డిఫెండర్‌ని కూడా కెర్నెల్ బయట పెట్టుకుంటే ఎవరడ్డం?

పక్క వీధుల్లో ఏముంది? ఆపిల్ 2019లో డ్రైవర్‌కిట్ తెచ్చి డ్రైవర్లను కెర్నెల్ బయటికి నడిపిస్తోంది, ఇంజినీరింగ్‌పరంగా అది మంచి పని. కానీ దానికి ఎన్‌టైటిల్‌మెంట్ అనే ప్రత్యేక అనుమతి అడిగి తెచ్చుకోవాలి, డెవలపర్ ప్రోగ్రామ్‌కి ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. లినక్స్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంచే, మెషీన్ యజమాని తన సొంత కీని చేర్చుకుని తన డ్రైవర్ నడుపుకోవచ్చు. మామూలు విండోస్‌లో నేను కోరేది సరిగ్గా ఇదే: నా మెషీన్, నా కీ, నా పూచీ. లినక్స్ బూట్ అవడానికి వాడే షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్ మీద ఉండేది కూడా మైక్రోసాఫ్ట్ సంతకమే, అది వేరే కథ. లినక్స్‌లో ఇంకో తలనొప్పి, కెర్నెల్ లోపలి ఇంటర్‌ఫేస్ ఎప్పుడైనా మారొచ్చు. విండోస్ 7 నాటి నా డ్రైవర్ సోర్సు చిన్న చిన్న మార్పులతో విండోస్ 11కి బిల్డ్ అయింది. ఆ మెచ్చుకోలు మైక్రోసాఫ్ట్‌కి ఇవ్వాల్సిందే.

కొత్తగా హార్డ్‌వేర్ మొదలుపెట్టేవాళ్లకి నా సలహా: యూఎస్‌బీతో సరిపోయే పనైతే కెర్నెల్ జోలికి పోకండి. పరికరంలో మైక్రోసాఫ్ట్ ఓఎస్ డిస్క్రిప్టర్లు (తన వివరాలు విండోస్‌కి చెప్పే సమాచారం) పెడితే విండోస్ 8 నుంచి సిస్టమ్‌లోని విన్‌యూఎస్‌బీ డ్రైవర్ దానంతటదే ఎక్కుతుంది. సీరియల్ పోర్టులా కనపడితే చాలనుకుంటే విండోస్ 10 నుంచి దానికి కావాల్సిన సీడీసీ డ్రైవర్ సిస్టమ్‌లోనే ఉంది. రెండింటికీ సంతకం గొడవ లేదు. మా పాత మోడల్‌ని ఇప్పుడు అలాగే యూఎస్‌బీకి మారుస్తున్నాం. డేటా వేగం వల్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ తప్పదంటే మాత్రం, బోర్డు తయారీకి పంపడానికి ముందే ఈవీ సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెట్టండి, కంపెనీ పేరు మీద ఒక ఫోన్ నంబర్ డైరెక్టరీలోకి ఎక్కించండి. బోర్డే ముందు చేతికొస్తుంది.