లైకా ఎం లెన్సులకు సోనీ ఇ అడాప్టర్లు: ఇన్ఫినిటీ దగ్గర మూడింటి పరీక్ష

లైకా ఎం వంటి రేంజ్‌ఫైండర్ కెమెరా లెన్సును సోనీ ఇ వంటి మిర్రర్‌లెస్ కెమెరాకు బిగించే మామూలు అడాప్టర్‌లో గాజు ఉండదు, మోటారు ఉండదు. లెన్సును సెన్సర్‌కు సరైన దూరంలో, వాలు లేకుండా నిలపడమే దాని పని. 1954లో ఎం3 కెమెరాతో వచ్చిన లైకా ఎం మౌంటు (లెన్సును బిగించే చోటు) నుంచి ఫిల్ముకు దూరం 27.8 మి.మీ.; సోనీ ఇ మౌంటులో సెన్సర్‌కు అదే దూరం 18 మి.మీ. కనుక అడాప్టర్ మందం 9.8 మి.మీ. ఉండాలి. నా దగ్గరున్న మూడింటినీ మైక్రోమీటర్‌తో నాలుగేసి చోట్ల కొలిచాను. సగటున మొదటిది 9.71, రెండవది 9.79, మూడవది 9.84 మి.మీ. వచ్చాయి.

పరీక్షకు 24 మెగాపిక్సెల్ ఫుల్‌ఫ్రేమ్ కెమెరానూ, 50 మి.మీ. ఎఫ్/2, 21 మి.మీ. ఎఫ్/4 లెన్సులనూ వాడాను. పగటిపూట వేడిగాలి దూరపు దృశ్యాన్ని కదిలిస్తుంది కాబట్టి రాత్రి నక్షత్రాలనే నమ్ముకున్నాను. కెమెరాను ట్రైపాడ్‌పై ఉంచి, స్టెబిలైజేషన్ (వణుకును సరిచేసే ఏర్పాటు) ఆపి, అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య చిన్నదైతే ఇది పెద్దది) పూర్తిగా తెరిచి, ఫోకస్ పీకింగ్‌ను (పదునైన అంచులను రంగుతో చూపే సౌకర్యం) పక్కనపెట్టి, తెరపై దృశ్యాన్ని పెద్దది చేసి చూశాను. ముందు ఫోకస్ రింగును ఇన్ఫినిటీ (అతి దూరపు వస్తువులు పదునుగా వచ్చే స్థానం) వైపు చివరిదాకా తిప్పి ఒక ఫొటో, ఆపై వెంట్రుకవాసి చొప్పున వెనక్కి తిప్పుతూ మరికొన్ని తీశాను.

వెనక్కి తిప్పిన కొద్దీ నక్షత్రం చిన్న చుక్కగా మారితే అడాప్టర్ పలుచన అన్నమాట; లెన్సు సెన్సర్‌కు మరీ దగ్గరై ఫోకస్ ఇన్ఫినిటీని దాటిపోతుంది. చివరిదాకా తిప్పినప్పుడే అన్నిటికన్నా బాగుంటే, మందం సరిగ్గా ఉండి ఉండవచ్చు, ఎక్కువై కూడా ఉండవచ్చు. ఈ రెండింటినీ ఒక్క నక్షత్రంతో విడదీయలేము. అందుకే పగలు, యాభై అరవై మీటర్లలో ఒక చెట్టు, దాని వెనుక ఎంతో దూరంలో ఒక టవరు ఉండే దృశ్యాన్ని ఎంచుకున్నాను. రింగు చివరన ఉన్నప్పుడు టవరు కన్నా చెట్టే స్పష్టంగా కనిపిస్తే అడాప్టర్ మందం ఎక్కువైనట్టే.

మొదటి అడాప్టర్ 0.09 మి.మీ. పలుచన. ఫోకల్ దూరపు (లెన్సు పేరులోని 50, 21 మి.మీ.) వర్గాన్ని ఈ తేడాతో భాగిస్తే లెన్సు మీది దూరాల స్కేలు ఎంత తప్పుతుందో తెలుస్తుంది: 50 మి.మీ. లెన్సులో దాదాపు 28 మీటర్ల గుర్తు దగ్గర, 21 మి.మీ. లెన్సులో దాదాపు 5 మీటర్ల గుర్తు దగ్గరే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది. నాకు కనబడినదీ అదే. తెరపై చూసి ఫోకస్ చేసేవారికి ఇది పెద్ద నష్టం కాదు. స్కేలు చూసి దూరం అమర్చుకునేవారికి మాత్రం ఈ అడాప్టర్ పనికిరాదు. లోపలి గాజుల ఎడం ఫోకస్‌తో పాటు మారే ఫ్లోటింగ్ ఎలిమెంట్ లెన్సులకూ ఇది తగదు; రింగు తప్పు స్థానంలో ఉంటే వాటి దిద్దుబాటు కూడా తప్పుతుంది.

మూడవదాన్ని నేను క్షమించలేను. 0.04 మి.మీ. ఎక్కువ మందం వల్ల 50 మి.మీ. లెన్సు చివరిదాకా తిప్పినా దాదాపు 62 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. ఆ పైన ఉన్న కొండ, చంద్రుడు, నక్షత్రం ఏదీ ఎఫ్/2 దగ్గర పదునుగా రాదు. వైడ్ లెన్సులోనే ఈ లోపం ఎక్కువగా తెలుస్తుందని అంటారు. స్కేలు విషయంలో అది నిజమే కాని, మసక పరిమాణాన్ని నిర్ణయించేది అపర్చర్. ఎఫ్/2 దగ్గర ఆ మసక 20 మైక్రాన్లు, అంటే సుమారు మూడు పిక్సెళ్ళు. ఎఫ్/4 దగ్గర అందులో సగం. కాబట్టి అడాప్టర్ మందాన్ని పరీక్షించడానికి మీ దగ్గరున్న అతి పెద్ద అపర్చర్ లెన్సునే వాడండి.

రెండవదానితో రెండు లెన్సులూ స్కేలు చివరనే ఇన్ఫినిటీకి చేరాయి. దాని లాక్ కాస్త బిగువు, అంతే. 21 మి.మీ. లెన్సుతో నాలుగు మూలలూ మసకబారాయి గాని, ఆ నింద అడాప్టర్‌పై వేయకూడదు. వెనుక గాజు నుంచి ఏటవాలుగా వచ్చే కిరణాలను సెన్సర్ ముందున్న మందపు గాజు పక్కకు జరుపుతుంది. ఒకే వైపు మూలలు మసకబారితే అప్పుడు అడాప్టర్ వాలును అనుమానించాలి.

మొదటిదాని ముందు పళ్ళెం నాలుగు స్క్రూలతో బిగించి ఉంది. వాటిని విప్పి, మధ్యన పలుచని ప్లాస్టిక్ రేకు (షిమ్) పెట్టాక 9.79 మి.మీ. వచ్చింది, ఇప్పుడు అది 50 మి.మీ. లెన్సుకే ఉండిపోయింది. మూడవదాన్ని పలుచన చేయాలంటే లోహాన్ని సమంగా అరగదీయాలి, అది ఇంట్లో జరిగే పని కాదు. దాన్ని అమ్మినవారికే తిరిగి పంపించాను.