బెదురు పిల్లికి ఏ హార్నెస్? మెష్ వెస్ట్ మంచిదే, వెల్‌క్రో ఒక్కటి చూసుకోండి

హైదరాబాద్ పెట్ షాపుల్లో పిల్లి హార్నెస్ (బయట తిప్పేటప్పుడు తాడు తగిలించడానికి ఒంటికి తొడిగేది) అడిగితే ఎక్కువగా రెండు రకాలు చూపిస్తారు. ఒకటి సన్నటి నైలాన్ పట్టీలది. రెండోది ఛాతీనీ వీపునూ కప్పే మెష్ వెస్ట్. బెదురు పిల్లికైతే వెస్టే కొనండి. భయపడ్డ పిల్లి వెనక్కి గుంజుతుంది. దాని కాలర్ బోన్ మిగతా ఎముకలకు గట్టిగా అతుక్కుని ఉండదు కాబట్టి భుజాలు ముడుచుకుని, వదులు పట్టీల్లోంచి ఇట్టే జారిపోతుంది. వెస్ట్‌లోంచీ జారొచ్చు గానీ అంత తేలిక కాదు.

వెస్టుల్లో తల మీదుగా తొడిగేవి మాత్రం వద్దు. కళ్ల మీదుగా గుడ్డ దిగిందంటే మర్నాడు హార్నెస్ కనబడగానే మంచం కింద దూరుతుంది. మెడ దగ్గర, పొట్ట దగ్గర పూర్తిగా విప్పుకునేది అడిగి తీసుకోండి.

ఈ వెస్టుల పెద్ద లోపం వెల్‌క్రో. చెవి పక్కనే చర్రుమంటే ఎంత ధైర్యమున్న పిల్లైనా ఉలిక్కిపడుతుంది. పైగా వెంట్రుకలు, దూది పట్టేకొద్దీ దాని పట్టు సడలుతుంది. వెల్‌క్రో మీద క్లిప్పు కూడా ఉంటేనే కొనండి. ఇరుక్కున్న వెంట్రుకల్ని పాత టూత్‌బ్రష్‌తో తీసేస్తుండాలి.

ఎస్, ఎమ్ అని రాసినవి నమ్మొద్దు, ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. పిల్లి నిలబడి ఉండగా ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ, తర్వాత మెడ చుట్టూ టేపుతో కొలవండి. పర్షియన్ అయితే బొచ్చు అణిచి కొలవాలి. తొడిగాక రెండు వేళ్లు పట్టాలి. మూడు దూరితే వదులే.

ఇక అలవాటు చేయడం. దీనికి వారాలు పట్టినా తొందరపెట్టొద్దు. మొదట తొడగకుండా అన్నం గిన్నె పక్కన పడేయండి. వాసన చూసి, దాని మీద కాలేసి తినేదాకా ఆగండి. ఈలోగా కాస్త దూరంలో వెల్‌క్రో మెల్లగా విప్పుతూ, క్లిప్పు నొక్కుతూ, చప్పుడైన ప్రతిసారీ ఒక ముక్క పెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ చాలు. తర్వాత అది ముక్క తింటుండగా వెస్ట్‌ని వీపు మీద ఊరికే కప్పి తీసేయండి. దానికీ బెదరకపోతే భోజనానికి ముందు, ఆకలి మీదున్నప్పుడు తొడిగి, ట్రీట్ అయిపోకముందే విప్పేయండి. మొదట ఐదు సెకన్లు, తర్వాత అర నిమిషం, ఆపైన రెండు నిమిషాలు.

తొడగగానే పక్కకి ఒరిగి పడిపోవడం, పొట్ట నేలకి ఆనించి పాకడం మామూలే. అది మొండితనం కాదు, ఒంటి మీద ఒత్తిడి కొత్త. ఎత్తి నిలబెట్టకండి. ఆటతాడు ఆడించి చూడండి, కదలకపోతే విప్పేసి మర్నాడు ఒక మెట్టు వెనక్కి వెళ్లండి. నోరు తెరిచి ఆయాసపడితే వెంటనే తీసేయాలి.

వెస్ట్‌తో వచ్చే తాడుకి బరువైన ఇనప కొక్కెం ఉంటే మార్చేయండి, నడిచినప్పుడల్లా వీపుకి కొట్టుకుంటుంది. ఒకటిన్నర మీటర్ల తేలికపాటి తాడు సరిపోతుంది. పిడి డబ్బాలోకి దానంతటదే చుట్టుకునే తాడు అసలొద్దు. చెయ్యి జారితే ఆ డబ్బా గలగలమంటూ పిల్లిని వెంటాడుతుంది.

బయటికి తొలిసారి అంటే అపార్ట్‌మెంట్ కారిడార్, అదీ తెల్లవారుజామున, క్యారియర్ తలుపు తెరిచి పక్కనే పెట్టుకుని. వీధిలోకి వెళ్లేముందు రేబిస్ టీకా, ట్రైక్యాట్ (పిల్లులకొచ్చే మూడు వైరస్ జబ్బుల టీకా) వేయించి ఉండాలి. కుక్కలు తిరిగే గల్లీలు, బోనాల డప్పులు, నిమజ్జనం డీజేలు ఉన్న రోజులు మానుకోండి. ఎండాకాలం పగలు సిమెంటు నేల పాదాల్ని కాల్చేస్తుంది. బాల్కనీ గ్రిల్లుకి మాత్రం ఎప్పుడూ కట్టొద్దు, దూకితే వేలాడిపోతుంది.

ఎంత ఓపిక పట్టినా హార్నెస్ చూస్తేనే దాక్కునే పిల్లులు కొన్నుంటాయి. వాటికి ఇంకో మోడల్ కొనేకంటే ఆ డబ్బుతో బాల్కనీకి గట్టి జాలీ కొట్టించండి.