ముళ్ల దారంతో పేగు కుట్టు: చాలాకాలం వాడాక

లాప్రోస్కోపీలో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) గ్యాస్ట్రోజెజునోస్టమీకి, అంటే జీర్ణాశయాన్ని చిన్నపేగుకు కలపడానికి, లీనియర్ స్టేప్లర్ (వరుసగా పిన్నులు వేసే పరికరం) కొట్టి బయటికి తీశాక మిగిలే రంధ్రం మూయడానికి 3-0 (దారం మందం కొలత) బార్బ్‌డ్ దారం, అంటే పొడవునా చిన్న ముళ్లున్న ముళ్ల దారం, మామూలు దారం కంటే చాలా మేలు. కుట్టు కుట్టుకీ అసిస్టెంటు దారం లాగిపట్టి ఉండనక్కర్లేదు. బిగించినచోటే బిగువు నిలుస్తుంది, చివర ముడి పని ఉండదు.

15 సెం.మీ. పొడవు చాలు. ఇంకా పొడవైతే ముళ్లు ఒమెంటానికి (పేగుల ముందు వేలాడే కొవ్వు పొరకు), గాజుగుడ్డకు పట్టుకుని విసిగిస్తాయి. 26 మి.మీ. అర్ధవృత్తపు సూదిని 12 మి.మీ. ట్రోకార్ (పొట్టలోకి పరికరాలు దింపే గొట్టం) లోంచి దింపేటప్పుడు సూదిని కాదు, దానికి 2–3 సెం.మీ. వెనక దారాన్ని పట్టుకోవాలి.

రంధ్రం మూలకు 5 మి.మీ. అవతల మొదలుపెట్టండి. సూది దారం చివరనున్న లూప్‌లోంచి నిజంగా దాటిందని కెమెరా దగ్గరికి తెచ్చి చూసుకున్నాకే లాగండి. ఆ తర్వాత అంచు నుంచి 5 మి.మీ., కుట్టుకీ కుట్టుకీ మధ్య 4–5 మి.మీ. సబ్‌మ్యూకోసా (పేగు గోడలో లోపలి పొరకు ఆనుకున్న పొర) తప్పనిసరిగా సూదిలో పడాలి, బలమంతా ఆ పొరదే. సీరోసా (బయటి పల్చటి పొర) ఒక్కటే పడితే లాగగానే చీరుకుపోతుంది.

అసలు జాగ్రత్త లాగడంలో ఉంది. అంచులు కలిశాయనగానే ఆపాలి. కణజాలం తెల్లబడిందంటే ఎక్కువైనట్టే, రక్తం అందక అక్కడే లీకు మొదలవుతుంది. మామూలు దారమైతే వదులు చేసుకోవచ్చు. ఇది వెనక్కి రాదు, కత్తిరించి మళ్లీ కుట్టాల్సిందే. దారాన్ని నీడిల్ హోల్డర్‌తో మాటిమాటికీ నొక్కితే ముళ్లు నలిగి పట్టు పోతుంది.

అవతలి మూల దాటాక వెనక్కి రెండు కుట్లు వేసి, దారాన్ని పేగు ఉపరితలానికి ఆనించి కత్తిరించాలి. ఈ ఒక్క విషయంలో రాజీ వద్దు. తోక మిగిలితే దాని ముళ్లు పక్క పేగునో మెసెంటరీనో (పేగును పట్టి ఉంచే పొరనో) పట్టి లాగుతాయి, పేగు మడతపడి అడ్డుపడుతుంది. ఆపరేషనైన కొద్దిరోజులకు వాంతులు, కడుపుబ్బరం వస్తే ఇది గుర్తుకురావాలి, సీటీ ఆలస్యం చేయకూడదు.

వి-లాక్ (ముళ్ల దారంలో ఒక బ్రాండు) కరిగే దారాల్లో 90, 180 అని రెండు రకాలున్నాయి, అవి కరగడానికి పట్టే రోజుల లెక్క. పేగు గాయం మొదటి వారంలోనే బాగా బలహీనంగా ఉంటుంది కాబట్టి 90 సరిపోతుంది.

ధర మామూలు దారానికి చాలా రెట్లు. రెండు మూడు కుట్ల పనికి దీన్ని తెరవడం దండగ. మిథిలీన్ బ్లూ పరీక్షలో (లోపలికి నీలి రంగు నీళ్లు ఎక్కించి లీకు చూసే పరీక్షలో) నీలం చుక్క కనబడితే అక్కడ మామూలు 3-0 దారంతో ఒక కుట్టు వేసి పొట్ట లోపలే పరికరాలతో ముడి వేయాలి. ఆ ముడి చేతికి రానివాళ్లు ముళ్ల దారంతో మొదలుపెట్టకపోవడమే మంచిది.