ఇంట్లో షుగర్ మీటర్: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

మా ఇంట్లో షుగర్ మీటర్ కొన్నేళ్లుగా వాడుతున్నాం. అమ్మకు టైప్ 2 షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ రెండూ వేసుకుంటుంది. మేం నల్లగొండలో ఉంటాం, అమ్మ మాత్రం ఏడాదిలో సగం హాలియా దగ్గర ఊర్లో బత్తాయి తోట చూసుకుంటూ ఉంటుంది. మీటర్ కూడా ఆమె వెంటే తిరుగుతుంది. మధ్యలో ఒక మీటర్ పాడైతే ఇంకోటి కొన్నాం. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఇన్నేళ్లలో నేను చూసినదాన్ని బట్టి, నంబర్ తప్పొచ్చేది ఎక్కువగా రక్తపు చుక్క వేసే స్ట్రిప్పుల వల్ల, మన చేతుల వల్ల.

కొనాలా అంటే, కొనాలి. ఇన్సులిన్ గానీ, షుగర్‌ను మరీ కిందికి పడేయగల గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడేవాళ్లున్న ఇంట్లో మీటర్ తప్పకుండా ఉండాలి. షుగర్ ఉందో లేదో తేల్చుకోవడానికే అయితే మాత్రం కొనొద్దు, ఆ పని ల్యాబ్ చేయాలి.

మన దగ్గర అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఎండ. స్ట్రిప్పుల డబ్బా మీద సాధారణంగా 30 డిగ్రీలు దాటకుండా ఉంచమని ఉంటుంది. నల్లగొండలో మే నెలలో బయట 45 దాకా పోతుంది, రేకుల ఇంట్లో అయితే లోపల కూర్చోవడమే కష్టం. ఒక ఎండాకాలం తోట దగ్గర షెడ్డులో ఉన్న డబ్బాతో చూస్తే, అదే పొద్దున ల్యాబ్‌లో వచ్చినదానికీ మీటర్ చూపినదానికీ పొంతనే లేదు. కొత్త డబ్బా తెరిచాక రెండూ దగ్గరికొచ్చాయి. అప్పటినుంచి స్ట్రిప్పులు లోపలి గదిలో, పొయ్యికి దూరంగా, గోడ అల్మారాలో పెడుతున్నాం. బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద అసలు వదలం. ఫ్రిజ్‌లో పెడితే అయిపోతుంది కదా అంటారు కొందరు. తీసి మూత తెరిచినప్పుడల్లా చెమ్మ పడుతుంది, చెమ్మ కూడా స్ట్రిప్పును పాడుచేస్తుంది. ఒక స్ట్రిప్ తీయగానే మూత గట్టిగా వేయాలి. కొన్ని రకాలు తెరిచిన మూడు నెలల్లోనే అయిపోగొట్టాలి, కొన్ని ఎక్స్‌పైరీ దాకా పనికొస్తాయి. డబ్బా మీద చదివి, తెరిచిన తేదీ పెన్నుతో రాసిపెడితే అనుమానం ఉండదు.

రెండోది చేతులు. బత్తాయి ఒలిచిన వేళ్లతో చుక్క తీస్తే, రక్తంలో ఉన్న చక్కెరతో పాటు వేలికి అంటిన రసంలోని చక్కెర కూడా స్ట్రిప్ మీదికి వస్తుంది. ఆ నంబర్ చూసి ఇంట్లో వాళ్లకు టెన్షన్. స్పిరిట్ దూదితో తుడిస్తే చాలదు. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. వేలి కొసన నడిమధ్యలో కాకుండా పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రావడం లేదని వేలిని పిండకుండా, చేయి కిందికి వేలాడేసి కాసేపు ఆగితే వస్తుంది.

మా వాడలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా "మీ మీటర్‌తో ఒకసారి చూడు బిడ్డా" అని వస్తారు. సంతోషంగా చూస్తాను, కానీ అమ్మ గుచ్చుకునే పెన్ను ఎవరికీ ఇవ్వను. సూది మార్చినా సరే, పెన్నుకు అంటిన రక్తం నుంచి కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి లాంటివి సోకొచ్చు. ఒక్కసారి వాడి పారేసే లాన్సెట్లు (గుచ్చే సూదులు) విడిగా తెచ్చిపెట్టాను.

అలా వచ్చినవాళ్లు ఎక్కువగా అడిగేది: "పరగడుపున 110 వచ్చింది, షుగర్ వచ్చినట్టేనా?" ఎనిమిది గంటలు ఏమీ తినకుండా, చాయ్ కూడా తాగకుండా ల్యాబ్‌లో రక్తం ఇచ్చినప్పుడు 100 లోపు మామూలు. 100 నుంచి 125 దాకా షుగర్‌కు ముందు దశ. 126 గానీ అంతకు మించి గానీ వస్తే షుగర్. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తే 140 లోపు మామూలు, 200 నుంచి షుగర్. లక్షణాలేమీ లేనివాళ్లకు ఒక్క పరీక్షతో తేల్చరు, ఇంకోసారి చూసి నిర్ధారిస్తారు. మీటర్‌లో 110 వస్తే భయపడాల్సింది లేదు, ల్యాబ్‌కు పోయి చూపించుకోవాలి.

మీటర్‌కూ ల్యాబ్‌కూ తేడా ఎందుకని ఇంకో అనుమానం. మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన 15 శాతం, 100 లోపు 15 పాయింట్లు అటూ ఇటూ ఒప్పుకుంటుంది. అంటే ల్యాబ్‌లో 200 ఉన్న రక్తానికి మీటర్ 175 చూపినా, 225 చూపినా అది చెడిపోయినట్టు కాదు. ఐదు నిమిషాల తేడాలో 148, 161 వచ్చాయని మళ్లీ మళ్లీ గుచ్చుకోవడం వేలికి బాధ, స్ట్రిప్పుకు ఖర్చు. రక్తహీనత ఉన్నవాళ్లకు చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. మన ఆడవాళ్లలో రక్తం తక్కువున్నవాళ్లు ఎక్కువ కాబట్టి డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీని కూడా రక్తహీనత తారుమారు చేస్తుంది. ఆ పరీక్షకు పరగడుపున పోనవసరం లేదు. 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. 7 వచ్చిందంటే సగటున 154 దగ్గర ఉంటున్నట్టు.

లక్షణాల దగ్గర జనం ఎక్కువ తికమక పడతారు. రక్తంలో చక్కెర దాదాపు 180 దాటితే కిడ్నీలు దాన్ని ఆపలేక మూత్రంలోకి వదిలేస్తాయి. చక్కెర తనతో నీళ్లను లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, దాని వెంటే దాహం. తిన్నా బరువు తగ్గడం, చూపు మసకబారడం, పుండ్లు మానకపోవడం, దురదలు కూడా ఉంటాయి. ఎండాకాలం దాహం అందరికీ ఉంటుంది. రాత్రిపూట కూడా పలుమార్లు లేవాల్సి వస్తుంటే మాత్రం పరీక్ష చేయించుకోవాలి. ఏ లక్షణమూ లేకుండా ఏళ్ల తరబడి షుగర్ ఉండేవాళ్లూ ఉన్నారు. ముప్పై దాటినవాళ్లకు ఆశా కార్యకర్తల ద్వారా చేసే పరీక్షలు అందుకే. వాటిని వదులుకోవద్దు.

షుగర్ పడిపోవడం దీనికి పూర్తిగా వేరు, తొందరగా ముంచుకొస్తుంది. పోయిన కోతలప్పుడు అమ్మ పొద్దున మాత్ర వేసుకుని, సరిగా తినకుండా కాయలు ఏరించే పనిలో పడింది. పదకొండింటికి ఒళ్లంతా చెమట, చేతులు వణుకు. "ఎండకు అట్లనే అయితది బిడ్డా, ఏం గాదు" అంది. మీటర్ పెడితే 58. మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 84. తర్వాత బువ్వ పెట్టాం. మే నెలలో తోటలో అందరికీ చెమటే, అది ఎండదో, షుగర్‌దో కంటితో చెప్పలేం. మీటర్ కొన్న డబ్బులు నాకు ఆ ఒక్క పూటతో వచ్చేశాయి.

70 కంటే తగ్గితే వెంటనే చక్కెరో, గ్లూకోజో ఇవ్వాలి. చాక్లెట్‌లోని కొవ్వు చక్కెర ఎక్కడాన్ని ఆలస్యం చేస్తుంది, ఆ సమయంలో అది వద్దు. మీటర్ దగ్గర లేకపోతే పరీక్ష కోసం ఆగకుండా ఇచ్చేయాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. ఈ మాత్రలు వాడే మగవాళ్లు ఖాళీ కడుపుతో కల్లు తాగడం ఇంకో ప్రమాదం. ఆల్కహాల్ ఉన్నంతసేపు కాలేయం చక్కెరను సరిగా వదలదు. షుగర్ పడిపోయి మనిషి తడబడుతుంటే తాగి ఉన్నాడనుకుని పక్కనున్నవాళ్లు పట్టించుకోరు.

మీటర్ మాకు తిండి గురించీ చాలా నేర్పింది. జొన్నరొట్టె తింటే షుగర్ పెరగదని అమ్మ గట్టి నమ్మకం. తినకముందు, తిన్న రెండు గంటలకు చూస్తూ పోతే, రెండు రొట్టెలూ పప్పుకూరా తిన్న రోజు 160 దగ్గర, మూడో రొట్టె పడ్డ రోజు 200 దాటి కనిపించేది. నేను ఎంత చెప్పినా వినని మనిషి నంబర్ చూసి తనే తగ్గించింది. "రాత్రి ఏం తినకున్నా పొద్దున ఎందుకు పెరిగింది?" అని అమ్మే ఒకసారి అడిగింది. తెల్లవారుజామున శరీరం నిద్ర లేచేందుకు తయారవుతూ కాలేయం నుంచి చక్కెరను వదులుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో దాన్ని వాడుకునే ఇన్సులిన్ చాలదు. దానికి రాత్రి పస్తు మందు కాదు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, టైము, తిన్నది, నంబర్ రాసి చూపిస్తే డాక్టర్ మాత్రల డోసు మార్చారు. ఉట్టి నంబర్ల వరుస చూపినప్పుడు ఆయనకూ ఏం అర్థమయ్యేది కాదు.

మీటర్‌కు అందని సంగతులున్నాయి. కాళ్ల బాధ అనగానే మా జిల్లాలో ముందు ఫ్లోరైడ్ నీళ్ల మీదికి పోతారు. షుగర్ ఉన్నవాళ్ల అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు వస్తే నరాలు దెబ్బతింటున్నాయేమో చూపించుకోవాలి, నంబర్ బాగుందని ఊరుకోవద్దు. ఏడాదికోసారి కంటి లోపలి పరీక్ష, కిడ్నీల సంగతి తెలియడానికి మూత్రంలో అల్బుమిన్ పరీక్ష కూడా చేయించాలి. ఊర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపి ఉచితంగా పరీక్ష చేస్తారు. ఏయే పరీక్షలు ఉన్నాయో అక్కడి సిస్టర్‌ను అడిగితే చెప్తారు.

ఖర్చు విషయానికొస్తే, మీటర్ ధర చూసి మోసపోవద్దు, అసలు ఖర్చు స్ట్రిప్పులదే. ఒక్కోటి పదిహేను, ఇరవై రూపాయల దాకా పడుతుంది. ఆఫర్‌లో చౌకగా వచ్చిన మీటర్‌కు స్ట్రిప్పులు హైదరాబాద్‌లో తప్ప దొరకకపోతే అది అల్మారాలో పడుంటుంది. మీ ఊరి మెడికల్ షాపులో ఏ స్ట్రిప్పులు ఎప్పుడూ ఉంటాయో, వాటిని షాపులో ఎక్కడ పెడుతున్నారో చూసి, దానికి తగ్గ మీటర్ తీసుకోండి. ఎండ తగిలే అద్దాల అరలో పెట్టిన డబ్బా అయితే ఎంత తగ్గించి ఇచ్చినా నేను కొనను.