సంయోజక కణజాల స్లైడ్ల పెట్టె: వాడి చూశాక
మా ఇంటర్ జంతుశాస్త్ర ప్రయోగశాలకు తెప్పించిన ఈ పెట్టెలో స్నాయుబంధనం (టెండన్) స్లైడు అన్నిటికన్నా నచ్చింది. 400 రెట్ల వృద్ధీకరణలో గులాబీ రంగు కొల్లాజెన్ తంతువులు దువ్విన జుట్టులా ఒకే దిశలో సాగుతుండగా, వాటి మధ్య ఇరుక్కున్న ఫైబ్రోబ్లాస్టుల (ఆ తంతువులను తయారుచేసే కణాల) కేంద్రకాలు సన్నని ఊదా గీతల్లా కనిపిస్తాయి. కండరం లాగే బలాన్ని ఎముకకు చేర్చే కణజాలానికి ఆ అమరిక ఎందుకు అవసరమో పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. మృదులాస్థిలో, లిక్విణుల్లో (చిన్న గుంటల్లో) ఒదిగిన కాండ్రోసైట్లూ (మృదులాస్థి కణాలూ) స్పష్టంగానే ఉన్నాయి. ఏరియోలార్ (వదులుగా అల్లుకున్న సంయోజక కణజాలం) స్లైడు మాత్రం నిరాశపరిచింది. అందులోని మాస్ట్ కణాల (అలర్జీలో పాల్గొనే రక్షణ కణాల) రేణువులు బాగా తేలాలంటే టోల్యూడిన్ బ్లూ వంటి రంజకం కావాలి. ఇందులో మామూలు హెమటాక్సిలిన్, ఇయోసిన్‌లతోనే సరిపెట్టారు. కొవ్వు కణజాలం ఫర్వాలేదు. రెండు కవర్‌స్లిప్పుల కింద గాలి బుడగలున్నాయని రాస్తే, అమ్మినవారు వారంలో మార్చి పంపారు.