ఎగ్జాక్ట్ ఆడియో కాపీ: సీడీ రిప్పింగ్‌లో నిదానమే ప్రధానం

విండోస్‌లో ఆడియో సీడీలను ఫ్లాక్ ఫైళ్లుగా (ధ్వని ఏమాత్రం పోకుండా సైజు తగ్గించే లాస్‌లెస్ ఫైళ్లు) మార్చుకోవడానికి, అంటే రిప్ చేసుకోవడానికి, ఉచితంగా దొరికే వాటిలో ఎగ్జాక్ట్ ఆడియో కాపీని (ఈఏసీ) మించింది లేదు. రాసినవాడు ఆండ్రే వీట్‌హాఫ్ అనే జర్మన్ ప్రోగ్రామర్. సొంత వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు, నచ్చితే ఓ పోస్టుకార్డు పంపమంటాడు, అంతే. చూడ్డానికి మాత్రం విండోస్ 98 కాలంలోనే ఆగిపోయినట్టుంటుంది.

దీని బలమంతా సెక్యూర్ మోడ్‌లో ఉంది. మామూలు సాఫ్ట్‌వేర్లు గీత పడ్డచోట డ్రైవ్ ఏమిస్తే అది రాసుకుని ముందుకు పోతాయి. ఈఏసీ అలా కాదు, ఒకే ముక్కను మళ్లీ చదివి పోల్చి చూస్తుంది. తేడా వస్తే 16 సార్లు చదివి, అందులో 8 ఒకేలా ఉంటేనే ఒప్పుకుంటుంది. ఎర్రర్ రికవరీ క్వాలిటీని ‘హై’లో పెడితే ఇలా ఐదు విడతల దాకా పోరాడుతుంది. అప్పటికీ తేలకపోతే ‘సస్పీషియస్ పొజిషన్’ అని ఏ నిమిషం, ఏ సెకను దగ్గరో లాగ్‌లో (రిప్ వివరాల చిట్టా) రాసిపెడుతుంది. గీతలున్న డిస్కు గంటలు తినేది అందుకే.

సెట్టింగుల్లోనే చాలామంది బోల్తా పడతారు. ఎఫ్10 నొక్కి డ్రైవ్ ఆప్షన్లలో సెక్యూర్ మోడ్, ‘డ్రైవ్ క్యాషెస్ ఆడియో డేటా’ రెండూ ఆన్ చేయండి. రెండోది వదిలేస్తే డ్రైవ్ తన మెమరీలోని పాత కాపీనే మళ్లీ ఇచ్చేస్తుంది, రెండుసార్లు చదివినా ఒకసారి చదివినట్టే. సీ2 (చదవడంలో తప్పుల్ని డ్రైవే గుర్తించి చెప్పే సదుపాయం) టిక్ తీసేయండి. తప్పుల్ని పట్టుకుంటామని చెప్పుకునే డ్రైవ్‌లలో కొన్ని నిజంగా పట్టుకోవు. రీడ్ ఆఫ్‌సెట్, అంటే డ్రైవ్ అసలు చోటుకి కాస్త ముందో వెనకో చదవడం, ఒక్కో మోడల్‌కి ఒక్కోలా ఉంటుంది (చాలావాటికి +6 శాంపిళ్లు). అందరికీ తెలిసిన అంతర్జాతీయ పాప్ సీడీ ఒకటి పెడితే ఆక్యురేట్‌రిప్ (మన రిప్‌ను ఇతరుల రిప్‌లతో పోల్చే ఆన్‌లైన్ డేటాబేస్) దాన్ని గుర్తుపట్టి ఆఫ్‌సెట్ తనే సరిచేసుకుంటుంది. ఎఫ్9లో ‘నార్మలైజ్’ ఆన్‌లో ఉంటే వెంటనే తీసేయండి. అది పాట వాల్యూమ్‌నే మార్చేస్తుంది, ఇక లాస్‌లెస్ అన్న మాటకు అర్థం లేదు.

ఎఫ్11లో ఫ్లాక్ కుదింపు లెవెల్ 8 పెట్టి, వెరిఫై ఆప్షన్ జోడించి, ఐడీ3 ట్యాగ్ (ఎంపీ3ల్లో పాట వివరాలు రాసే పద్ధతి) టిక్ తీసేయండి. ఫ్లాక్‌కి సొంత ట్యాగులున్నాయి, ముందు ఐడీ3 తగిలిస్తే కొన్ని ప్లేయర్లు ఫైలునే తెరవవు. లెవెల్ 5కీ 8కీ సైజులో తేడా స్వల్పమే, ప్లేయర్ బ్యాటరీ మీద ప్రభావం దాదాపు లేదు.

ఇక ఎఫ్4తో పాటల మధ్య గ్యాప్‌లు గుర్తించి, షిఫ్ట్+ఎఫ్6తో టెస్ట్ అండ్ కాపీ, అంటే ప్రతి పాటనీ ఒకసారి పరీక్షగా, ఇంకోసారి కాపీకి చదవడం. తెలుగు డిస్కులకు ఇది తప్పనిసరి. చాలా సినిమా సీడీలు, కచేరీ సీడీలు ఆక్యురేట్‌రిప్ జాబితాలో దొరకవు, ఇంకెవరి రిప్‌తోనూ పోల్చే వీలుండదు. రెండుసార్లు చదివినదానికీ ఈఏసీ లెక్కగట్టే సరిచూపు సంఖ్యలు, టెస్ట్ సీఆర్‌సీ, కాపీ సీఆర్‌సీ, కలిశాయంటే దాదాపు నిశ్చింతే. కలవకపోతే డిస్కును మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి మళ్లీ ప్రయత్నించండి, గుండ్రంగా తుడవొద్దు. లేబుల్ వైపు గీత పడి వెలుతురు కనిపిస్తుంటే ఆశ వదులుకోవాలి, పాటనిచ్చే పొర ఆ వైపే పలుచటి లక్క కింద ఉంటుంది.

‘150 పాటలు’ అని అట్ట మీద రాసి ఉండే ఎంపీ3 సీడీలకు ఈ శ్రమంతా దండగ. అవి డేటా డిస్కులు, ఫైళ్లు కాపీ చేసుకుంటే చాలు. వాటిని ఫ్లాక్ చేస్తే సైజు పెరుగుతుంది, పోయిన ధ్వని తిరిగి రాదు.

74 నిమిషాల సీడీ అసలు సైజు సుమారు 780 ఎంబీ. ఫ్లాక్‌లో వీణ కచేరీ సగానికి దగ్గరగా తగ్గితే, హోరుగా ఉండే ఈమధ్య సినిమా పాటలు అంత తగ్గవు. సగటున 420 ఎంబీ అనుకుంటే 128 జీబీ కార్డులో 300 సీడీలు పడతాయి. ఆలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్‌గా విడగొట్టిన కచేరీలకు గ్యాప్‌లెస్ (ట్రాకుల మధ్య ఖాళీ లేకుండా వినిపించే సదుపాయం) ఉన్న ప్లేయరే కొనండి, లేకపోతే ట్రాక్ మారినప్పుడల్లా శ్రుతి తెగుతుంది. ట్యాగులు తెలుగు లిపిలో రాసుకోవచ్చు, కానీ చాలా చవక ప్లేయర్లు ఒత్తులు విడగొట్టో, డబ్బాలుగానో చూపిస్తాయి. ముందు ఒక్క ఆల్బమ్‌తో పరీక్షించుకోండి. కవర్ బొమ్మ ప్రోగ్రెసివ్ జేపెగ్ అయితే కొన్నిటిలో అసలు కనబడదు, మామూలు జేపెగ్‌గా 500 పిక్సెళ్లకు కుదించి పెట్టండి.