డిప్లొమా చేతికొచ్చింది: చెన్నై కంపెనీయా, ఈసెట్టా, రైల్వే జేఈనా?

పాలిటెక్నిక్ ఫలితాలు వచ్చాయంటే మా ఇంటికి పిల్లల రాక మొదలవుతుంది. విజయవాడ పటమటలో మా వీధిలో డిప్లొమా చదివి ముప్పై ఏళ్లుగా మెయింటెనెన్స్‌లోనే ఉన్నవాణ్ని నేనొక్కణ్నే మరి. ఈసారి వచ్చింది పక్కింటి వదిన కొడుకు. ఎలక్ట్రికల్. ఒక చేతిలో శ్రీపెరంబుదూరు దగ్గర ఫ్యాక్టరీ ఇచ్చిన ఆఫర్ లెటరు, ఇంకో చేతిలో డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరడానికి రాసే ఈసెట్ ర్యాంకు కార్డు. వెనకే వాళ్ల నాన్న. ఆయన మనసులో మూడోది ఉంది, రైల్వేలో జూనియర్ ఇంజనీర్ (జేఈ) ఉద్యోగం: "ఒక్క ఏడాది ఇంట్లో కూర్చుని రైల్వే జేఈకి చదివితే సరిపోదా తమ్ముడూ?"

ముందు ఆఫర్ లెటరు చూశాం. ఏడాదికి 2 లక్షల 64 వేలు, అంటే నెలకు 22 వేలు. వాడు అప్పటికే బండి ఈఎంఐ లెక్క కూడా వేసుకుని వచ్చాడు. ఆ లెటరు వెనక్కి తిప్పి పెన్నుతో లెక్క రాసి చూపించాను. 22 వేలన్నది సీటీసీ, అంటే నీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. బేసిక్ 15 వేలు వేశారు. దాని మీద కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్, 1,800, ఈ 22 వేలలోదే. గ్రాట్యుటీ కింద 720 పక్కన పెట్టారు, పర్మినెంటు ఉద్యోగికి అది ఐదేళ్లు నిండితేగానీ చేతికి రాదు. ఈఎస్ఐలో కంపెనీ వాటా 3.25 శాతం, దగ్గర దగ్గర 610. ఇవన్నీ తీసేస్తే అసలు జీతం 18,900 లోపే. అందులోంచి మళ్లీ వాడి వాటా పీఎఫ్ 1,800, ఈఎస్ఐ 140. బ్యాంకులో పడేది 17 వేలకు కాస్త తక్కువ. క్యాంటీను, కంపెనీ బస్సు, గది అద్దె దాని తర్వాత.

"మరి 22 అన్నారేంటి బాబాయ్?" అన్నాడు. అబద్ధం ఏమీ చెప్పలేదురా, నువ్వు చదవాల్సిన పేజీ మూడోది, నువ్వు మొదటిదే చదివావు అన్నాను.

అయితే 17 వేలు తక్కువని ఆ ఉద్యోగం వద్దనను. నేను చూసేది వేరే: రోల్ ఎవరిది, అంటే జీతాల పట్టీలో నీ పేరు ఎవరి దగ్గర ఉంటుంది? ఒకే షెడ్డులో ఒకే ప్యానెల్ ముందు ముగ్గురు డిప్లొమా కుర్రాళ్లు నిలబడితే ముగ్గురికీ మూడు రకాల జీతం ఉండొచ్చు. ఒకడు కంపెనీ రోల్ మీద ఉంటాడు. రెండోవాడు కాంట్రాక్టర్ మనిషి. మూడోవాడు అప్రెంటిస్. అప్రెంటిస్ చట్టం కింద తీసుకున్న డిప్లొమా వాళ్లకు 2019లో మార్చిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ నెలకు 8 వేలు పెట్టారు, అందులో సగం కేంద్రమే భరించే పద్ధతి ఉంది. వాళ్లకు పీఎఫ్, ఈఎస్ఐ కట్టక్కర్లేదు. ఏడాది కాగానే సర్టిఫికెట్ ఇచ్చి పంపేసి కొత్త బ్యాచ్‌ని తెచ్చుకుంటే కంపెనీకి పోయేదేమీ లేదు. నేర్చుకోవడానికి అప్రెంటిస్ మంచిదే, కాదనను. కానీ ట్రైనీ అని పిలిచి, లోపలికి వెళ్లాక అప్రెంటిస్ కాగితం మీద సంతకం పెట్టించే చోట్లు ఉన్నాయి. ఆ సంతకానికి ముందే అడగాలి.

హోదా దగ్గర కూడా ఇంకో మెలిక ఉంది. చట్టం ప్రకారం నిర్ణీత గంటలు దాటి పనిచేసిన కార్మికుడికి ఆ అదనపు గంటలకు (ఓటీ) రెట్టింపు కూలి ఇవ్వాలి. అందుకే కొన్నిచోట్ల చేరిన రోజే "సూపర్‌వైజర్" అని కార్డు ఇచ్చేస్తారు. ఇంట్లో అమ్మ మురిసిపోతుంది. ఓటీ మాత్రం పోతుంది. పక్కన ఐటీఐ కుర్రాడు ఆదివారాలు కూడా పనిచేసి నెలాఖరుకి మనకంటే నాలుగు వేలు ఎక్కువ తీసుకెళ్తుంటే అప్పుడు తెలుస్తుంది ఆ కార్డు ఖరీదు.

నా సంగతీ చెప్పాలి. మొదటి ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లకే ఇచ్చేశాను, రెండేళ్ల బాండు రాసిచ్చాను. పద్నాలుగో నెలలో మంచి అవకాశం వస్తే సర్టిఫికెట్లు అడిగాను. ఇవ్వలేదు. కొత్త చోట నా కోసం ఆగలేదు. ఆ పది నెలల్లో పోయిన జీతం కంటే, మళ్లీ అలాంటి అవకాశం రావడానికి పట్టిన ఆరేళ్లు ఎక్కువ బాధపెట్టాయి. అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా జిరాక్సులు ఇవ్వు, ఒరిజినల్స్ చూపించి తెచ్చేసుకో అంటాను.

ఊరు దాటడం ఇష్టం లేనివాళ్లకు ఇక్కడ ఏముంది? ఇక్కడ జీతం తక్కువతో మొదలవుతుంది, కానీ పని చూసి పెరుగుతుంది. మా ఆటోనగర్‌లో మా మేనల్లుడి స్నేహితుడు ఒకడు మెకానికల్ డిప్లొమాతో 12 వేలకు చేరాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి పొగ కాలుష్యం తగ్గించే బీఎస్-6 ప్రమాణాల బండ్లు వచ్చాయి కదా. ఓ రోజు లారీ వచ్చింది, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతోంది, పికప్ లేదు. నలభై ఏళ్ల అనుభవం ఉన్న మేస్త్రి ఇంజెక్టర్ పైపు మీద చెయ్యి వేసి చూశాడు, డీజిల్ ఫిల్టర్ విప్పాడు, ఏమీ దొరకలేదు. వీడు లాప్‌టాప్ తెచ్చి స్కానర్ గుచ్చాడు. పొగను శుభ్రం చేసే యూరియా ద్రావణం పంపు దగ్గర తప్పు చూపించింది. పంపు మార్చలేదు. కింద పడుకుని వైరు కనెక్టరు ఊడదీస్తే లోపల పచ్చగా తుప్పు. శుభ్రం చేసి పెట్టాడు, లైటు ఆరిపోయింది. ఆ నెల నుంచి మేస్త్రే వాడి జీతం పెంచమని ఓనరుకి చెప్పాడు. మూడేళ్లలో 30 వేలు దాటింది. అదే షెడ్డులో స్కానర్ ముట్టుకోని ఇంకో డిప్లొమా కుర్రాడు ఇంకా 15 దగ్గరే ఉన్నాడు.

గుంటూరు వైపు వెళ్తే కోల్డ్ స్టోరేజీలు. మిర్చి సీజన్లో బస్తాలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి, కింద అమోనియా కంప్రెసర్లు పగలూ రాత్రీ ఆడుతుంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకోకపోయినా, అమోనియా వాసన వచ్చినా, ఓనరు ముందు ఫోన్ చేసేది ప్లాంటు చూసే కుర్రాడికే. అందుకే ఆఫీసులో గుమాస్తా కంటే అతని జీతం ఎప్పుడూ పైనే. గంటసేపు నువ్వు లేకపోతే ఓనరుకి ఎంత పోతుందో అదే నీ బేరం.

సివిల్ వాళ్ల కథ వేరు. వాళ్ల జీతం చదువు మీద కంటే పనుల మీద ఆధారపడుతుంది. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగాక మూణ్నాలుగేళ్లు సైట్లలో డిప్లొమా కుర్రాళ్లకు గిరాకీ. 2019 తర్వాత పనులు ఆగితే అదే పిల్లలు పెట్టె సర్దుకుని హైదరాబాదు, బెంగళూరు పోయారు. 2025 మేలో పనులు మళ్లీ మొదలయ్యాయి, మళ్లీ ఫోన్లు. సివిల్లో కూడా సిమెంటు బస్తాలు లెక్కపెట్టేవాడికీ, టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరం పెట్టి లెవెల్స్ తీసేవాడికీ, ల్యాబులో 7 రోజుల, 28 రోజుల కాంక్రీటు క్యూబు పగలగొట్టి బలం చూసి రిపోర్టు రాసేవాడికీ జీతం ఒకటి కాదు. సివిల్ చదివి ఇంకా టోటల్ స్టేషన్ ముట్టుకోకపోతే ముందు ఆ పని చూడండి.

ఇక ఈసెట్. రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, ఇంకో మూడేళ్లు. పేపరు 200 మార్కులకు, అందులో లెక్కలు 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25, మిగతా వంద మన బ్రాంచిది. అంటే సగం పేపరు మన పనితనానికి సంబంధం లేనిది. మా వాడికి బ్రాంచి ర్యాంకు వెయ్యి దాటింది.

బీటెక్ చేస్తే మొదటి జీతం బాగా పెరుగుతుందని వాళ్ల నాన్న నమ్మకం. నాకు ఆ నమ్మకం లేదు. పెద్ద ఐటీ సర్వీసు కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ ఏళ్ల తరబడి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. మనవాడు ఈ మూడేళ్లలో ఉద్యోగం చేస్తే ఆరు లక్షలు సంపాదిస్తాడు, ఖర్చులు పోను ఎంత మిగిలినా చేతిలో మూడేళ్ల అనుభవం ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అంటారు. ఆ డబ్బు ఆలస్యమైతే కాలేజీ సర్టిఫికెట్లు ఆపేస్తే ఏం చేస్తారన్నది కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి.

మరి బీటెక్ ఎందుకు? ఉద్యోగంలో ఎంత పైదాకా ఎక్కగలవన్న హద్దు కోసం. ప్లాంట్లలో డిప్లొమా ట్రైనీకి ఒక మెట్లదారి, గ్రాడ్యుయేట్ ట్రైనీకి ఇంకోటి. మొదటి ఐదేళ్లు తేడా కనపడదు. పన్నెండో ఏట నాకు కనపడింది. నేను మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పట్టుకోవడం నేర్పిన కుర్రాడు బీటెక్ వల్ల నా పై ఆఫీసరుగా వచ్చి కూర్చున్నాడు. మంచివాడే, "సార్" అనే పిలిచేవాడు. అయినా ఆ రోజు అన్నం సహించలేదు. సర్కారు ఆఫీసుల్లో ఈ గీత పేరులోనే ఉంది. ఇరిగేషన్, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)లో ఏఈ, అసిస్టెంట్ ఇంజనీర్, అంటే డిప్లొమా వాళ్లు; ఏఈఈ, అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్, అంటే బీటెక్ వాళ్లు. కొన్ని కరెంటు సంస్థల్లో అదే ఏఈ పోస్టుకి బీటెక్ కావాలి. ఒక్క అక్షరం దగ్గర ఎంత తేడానో చూడండి.

ఉద్యోగం చేస్తూ బీటెక్ చేయొచ్చా అని అడిగేవాళ్లకు ఒక హెచ్చరిక. దూరవిద్యలో ఇంజనీరింగ్ డిగ్రీ జోలికి పోకండి. అనుమతి లేకుండా డీమ్డ్ యూనివర్సిటీలు అలా ఇచ్చిన డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చి ఎంతోమంది ప్రమోషన్లు గాల్లో వేలాడాయి. 2023లో ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ, పనిచేసేవాళ్ల కోసం కాలేజీలోనే, వీలైన వేళల్లో చదివే బీటెక్‌కు దారి తెరిచింది. కాలేజీ దగ్గర్లో ఉద్యోగం ఉంటేనే అది కుదురుతుంది. చెన్నై పోయినవాడికి విజయవాడ కాలేజీ పనికిరాదు.

రైల్వే జేఈ మాట వచ్చేసరికి వాళ్ల నాన్న కళ్లు మెరిశాయి. న్యాయమే. జేఈ లెవెల్ 6, మూల వేతనం 35,400. 2025 జనవరి నాటి 55 శాతం డీఏ కలిపితే 54,870. విజయవాడ, గుంటూరు రెండూ కేంద్రం ఇంటద్దె లెక్కలో వై తరగతి నగరాలు కాబట్టి ఇంటద్దె 20 శాతం, 7,080. మొత్తం 61,950, రవాణా భత్యం వేరే. పెన్షన్ కింద 5,487 కోసినా ప్రైవేటులో డిప్లొమా కుర్రాడు పదేళ్లకు చూసే జీతం ఇది. ఎలక్ట్రిక్ లోకో షెడ్డులోనో, రాయనపాడు వ్యాగన్ వర్క్‌షాపులోనో పోస్టింగ్ పడితే ఇక చెప్పేదేముంది, ఇంటి అన్నం.

కానీ "ఒక్క ఏడాది" అన్నమాట దగ్గరే నాకు పేచీ. 2018 చివర్లో జేఈ నోటిఫికేషన్ పడింది, 13 వేలకు పైగా పోస్టులు. ఆ తర్వాతది 2024 జూలైలో, 7,951 పోస్టులు. మధ్యలో ఐదున్నరేళ్లు. ఆ ఐదున్నరేళ్లు గదిలో పుస్తకాలతో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు, చేతికి ఉన్న పని కూడా మరిచిపోయారు. పైగా డిప్లొమాతో పాటు బీటెక్ వాళ్లూ అదే పరీక్ష రాస్తారు. సర్కారు అంటే అన్నీ 60 వేలనీ అనుకోకండి. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో చేరిన ఇంజనీరింగ్ అసిస్టెంట్లు నెలకు 15 వేలతో మొదలుపెట్టారు, రెండేళ్లన్న ప్రొబేషన్ 2022 మధ్యకి గానీ తేలలేదు.

జేఈ రెండో దశలో 150 ప్రశ్నలుంటే వంద మన బ్రాంచివే. రోజూ మోటార్లు, రిలేలతో పనిచేసేవాడికి అది భారం కాదు. ఉద్యోగం చేస్తూ రాయి, కూర్చుని రాయకు అన్నాను. వాళ్ల నాన్న ఏమీ అనలేదు, గ్లాసులో టీ అడుగు చూస్తూ ఉండిపోయారు.

ఇంతకీ మా వాడికి ఏది? ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లకు కంపెనీ సొంత రోల్ మీద ఉద్యోగం దొరికితే, అది పీఎల్‌సీ (యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు), డ్రైవులు (మోటారు వేగాన్ని అదుపు చేసేవి) ముట్టుకోనిచ్చే మెయింటెనెన్స్ అయితే, నేను ఉద్యోగానికే ఓటేస్తాను. కాంట్రాక్టర్ రోల్ అయితే, లైన్లో నిలబెట్టి స్క్రూలు బిగించే పని అయితే, ర్యాంకుకు మంచి కాలేజీ వచ్చేటట్టుంటే ఈసెట్టే మేలు. కంప్యూటర్స్ డిప్లొమా వాళ్లు మాత్రం ఆలోచించకుండా ఈసెట్‌కి పోవాలి, వాళ్లకు డిగ్రీ లేకుండా తలుపు తెరుచుకోవడం కష్టం. ఏ కాలేజీ దొరికితే ఆ కాలేజీలో చేరడం మాత్రం ఎవరికీ చెప్పను.

"అయితే ఫోన్ చేసి అడుగు" అన్నాను. ఆఫర్ లెటర్లో ఉన్న హెచ్ఆర్ నంబరుకి చేశాడు, స్పీకర్ ఆన్ చేశాడు. మూడు ప్రశ్నలు రాసిచ్చాను: రోల్ ఎవరిది, ఏ డిపార్టుమెంటు, ఒరిజినల్స్ పెట్టుకుంటారా. అవతల అమ్మాయి మర్యాదగానే చెప్పింది. మొదటి ఏడాది మా ట్రైనింగ్ పార్టనర్ రోల్ మీద ఉంటారు, డిపార్టుమెంటు వచ్చాక చెప్తాం, ఒరిజినల్స్ జాయినింగ్ రోజు తీసుకురావాలి, తర్వాత కన్ఫర్మేషన్ టైంలో తిరిగి ఇస్తాం అంది.

వాడు ఆ మూడు జవాబులూ నేను లెక్క వేసిన కాగితం మీదే, 17 వేల పక్కన రాసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి వింటున్న వదిన, ఈసెట్ కౌన్సెలింగ్‌కి ఇన్‌కం సర్టిఫికెట్ కొత్తది కావాలా, పాతది పనికొస్తుందా అని అడిగింది.